చెవి బిరడాలు

కొట్లో కొన్న తేలే జిగ్ తలలు తేలవు.
ఊరికే అంటున్న మాట కాదు.
ఉప్పుదోసకాయల ఖాళీ సీసా నిండా నీళ్ళు పోసి
వంటింటి బల్ల మీద పెట్టుకుని
ఒక్కొక్కటే వదిలి చూశాను.
ఒట్టి తల అయితే బెండులా పైకొస్తుంది.
కొక్కేనికి జలగను గుచ్చామా,
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు
తల దించుకుని అడుక్కి జారిపోతుంది.

రెయినీ నదిలో సీసం గుండు బురదలో కూర్చుంటుంది.
కూర్చోవడమే దాని ఉద్యోగం.
గుండు దగ్గర్నుంచి రెండడుగుల సన్న దారం,
దారం కొసన రంగు తల.
ఆ తల బురదకి జానెడు ఎత్తున నిలబడాలి.
వాల్‌ఐ చేపకి చూపు పైకే ఉంటుందంటారు ఇక్కడ,
కాళ్ళ కింద పడ్డదాన్ని పట్టించుకోదట.
జానెడు.
ఈ తంటా అంతా ఆ జానెడు కోసమే.

కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను,
మూడో నంబరు యంత్రం, రాత్రి షిఫ్టు.
మూసేసిన రోజు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకెళ్ళారు,
హెల్మెట్లు, పానాలు, ఒకడైతే గోడ గడియారం.
నేను చెవి బిరడాల పెట్టె తెచ్చుకున్నాను.
రెండు వందల జతలు, పసుప్పచ్చ నురగవి.
ఎందుకని అడిగితే జవాబు లేదు.
ఫ్రిజ్ మూలుగుతోందని పక్కింటి మార్లిస్ చెబితేనే
నాకు తెలుస్తుంది.
"వినపడని చెవులకి బిరడాలేంటయ్యా" అంది.
పెదవులు చదివి, నేనూ నవ్వాను.

మార్చిలో, మంచు ఇంకా మెట్ల మీదే ఉండగా,
ఒక బిరడాని బ్లేడుతో చక్రాలుగా కోశాను.
కాల్చిన సూదితో నడిమికి బెజ్జం పొడిచి
కొక్కెం కాడకి ఎక్కించి, తల వెనక జిగురు చుక్క పెట్టాను.
నురగ నీళ్ళు తాగకూడదని
మార్లిస్ గోళ్ళ రంగు అడిగి పూస్తే
కరిగి ముడతలు పడింది, ముసలి వేలి కొసలా.
తర్వాతిసారి ముందు తెల్ల జిగురు పూసి, ఆరాక రంగు వేశాను.
చక్రం మందమైతే జలగతో సహా పైకి తేలిపోయింది,
వెడల్పైతే కొక్కెం నోరే మూసుకుపోయింది.
పదకొండోది
సీసాలో కిందికీ పోలేదు, పైకీ రాలేదు.
మధ్యలో ఆగి
నన్ను చూసింది.
నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

మేలో ఎల్రాయ్ సుండ్‌బీ రేకు పడవలో వెళ్ళాం.
అవతలి ఒడ్డు కెనడా, ఇవతల మేము,
మధ్య పదిహేడు అడుగుల గోధుమరంగు నీళ్ళు.
ఎల్రాయ్‌వి కొట్లో తలలు. బురదలో దొర్లుతున్నాయని చెప్పాను.
చెప్పి ఐదు నిమిషాలు కాలేదు,
బురదలోంచే మూరెడు చేపను లాగాడు.
ఏ చేపా పుస్తకాలు చదవదు కదా.
వాడి మూతి కదులుతూనే ఉంది, గంటసేపు.
నేను అటు చూడలేదు, కాబట్టి వినలేదు.

దారం చూపుడు వేలి మీద ఉంది.
గుండు రాయి మీద తట్టడం, ఇసుక మీద గీసుకోవడం,
అవతల జలగ మెలిక తిరగడం,
అన్నీ వేలిలో వినపడుతున్నాయి.
తర్వాత తడిగుడ్డ తగులుకున్నట్టు ఒక బరువు.
లాగలేదు, గుంజలేదు, ఉంది అంతే.
నాలుగు లెక్కపెట్టి ఎత్తాను.

పడవలో దాని నోరు తెరిస్తే
దవడ మూల పసుప్పచ్చ చక్రం.
ముప్పై ఒక్క ఏళ్ళు నా తలలోకి
యంత్రాన్ని రానివ్వనని మాటిచ్చి
సగమే నిలబెట్టుకున్న నురగ.
దానిమీద కోపం రాలేదు.
తుడిచి, కొత్త జలగను గుచ్చాను.

ఆ తర్వాత మూడు పట్టాను. ఎల్రాయ్‌కి ఇంకొకటి పడలేదు.
సాయంత్రానికి వాడి మూతి ఆగిపోయింది.
ఏం మాట్లాడకుండా
అరచెయ్యి చాపాడు.
డబ్బాలోంచి తీసి ఇచ్చాను,
రెండు.
అలవాటు.