ఒకే ఒక్క చ్ఛ

గవర్నరుపేట సందులో, సోడా కొట్టు పక్కన
మా ప్రెస్సు.
నేను కంపోజిటర్ దానియేలుని.
నలభై ఏళ్లు లోకాన్ని తిరగేసి చదివినవాణ్ణి.

రత్నమాంబ గారి నవల నా చేతి మీదుగానే పోయింది.
ఊరు చదవకముందే తిట్టిన పుస్తకం.
"పేజీ పేజీకీ స్వేచ్ఛ, స్వేచ్ఛ అని రాసిందట గదా!"
టీ కొట్టు దగ్గర అడిగేవాళ్లు.
నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా కేసులో చ్ఛ గడిలో
ఉన్నది ఒక్కటే అక్షరం,
అదీ తోక విరిగింది.
పద్నాలుగు ఫారాల నవలకి ఆ ఒక్కటీ సరిపోయింది.
కథలో మనిషి బెజవాడ స్టేషన్లో
ఇచ్ఛాపురానికి టిక్కెట్టు కొంటుంది,
అందుకు.

ప్రూఫులు దిద్దడానికి రోళ్లు పగిలే ఎండలో
మగాళ్ల గొడుగేసుకుని వచ్చేవారు.
నూట పన్నెండో పేజీ దగ్గర మా ఓనరు నసిగారు:
"తలుపు తీసుకుని ఎందుకెళ్లిందో
ఒక్క ముక్క రాయండమ్మా, జనం సర్దుకుంటారు."
ఆవిడ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని
"కారణాలు రాస్తే అర్జీ అవుతుందండీ.
ఆమెకి ఉక్కపోసింది" అన్నారు.
ఒక కామా తీయించి వెళ్లిపోయారు.

ఓ రోజు నన్నే అడిగారు, "నీకెలా ఉంది దానియేలూ?"
మసి చేతులు వెనక్కి దాచుకున్నాను.
"తలకిందులుగా చదివేవాణ్ణి, నాకేం తెలుస్తుందమ్మా."
"అలాగే చదవాలి" అని
నా క్యారేజీలో గోంగూర పచ్చడి
అడక్కుండానే వేలితో తీసి నాకారు.
కారం చాలలేదట.
మా గిన్నెలో ఆ ఇంటి వేలు!
ఆ సంగతి ఓనరుకి చెప్పలేదు,
మా ఆవిడకీ చెప్పలేదు.

తర్వాత కరపత్రం వచ్చింది. మా ప్రెస్సుకే.
తుచ్ఛమైన రాతలు, స్వచ్ఛమైన సంసారాలు,
స్వేచ్ఛ పేరిట విచ్చలవిడితనం...
విచ్చలవిడికి మామూలు చ్చ చాలు గానీ
మిగతా వాటికి, నాలుగు పేజీలకి
ముప్పై ఒక్క చ్ఛలు!
గుంటూరు ఫౌండ్రీకి మనిషిని పంపితే
పొట్లం కట్టించుకుని బస్సులో తెచ్చాడు.
గడి నిండా తళతళ.

వాటిని పేర్చిందీ నేనే.
కూలి కూలే. ఆ వారం చిన్నదానికి పలక కొన్నాను.

తోక విరిగినదాన్ని మాత్రం కలపలేదు.
చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేశాను,
దొంగతనమే.
బీరువాలో బైబిలు పక్కన ఉంది.
రాత్రి ఏ బండో కృష్ణ వంతెన దాటే చప్పుడైతే
తీసి, అరచేతి మీద నొక్కి చూస్తాను.
తోక లేకుండానే పడుతుంది,
సరిగ్గా, తిరగబడకుండా.
కాసేపుండి పోతుంది.