వీపు మీది జిప్పు

కృష్ణానగర్ రెండో గల్లీల నా దుకాణం.
రాజుల అంగీలు, ఎస్సై యూనిఫాంలు,
గుంపు డ్యాన్సుకు నలభై లంగాలు
ఒక్క రాత్రిల కుట్టిన చెయ్యి ఇది.
పై లోకపు జీవికి కొలతలు తీసుడు మాత్రం
అదే మొదలు.

వచ్చిన పిల్లగాని పేరు నిరంజన్.
గడ్డం ఇంకా సగమే మొలిచింది,
అప్పు మాత్రం నిండుగ పెరిగింది.
"అక్కా, అది ఆకాశం నుంచి పడుతది,
మూసీ వంతెన కింద దాక్కుంటది,
మనుషుల గొంతులు దొంగిలిస్తది" అన్నడు.
ఎన్ని చేతులని అడిగిన.
"నాలుగనుకున్న. పైసలు రెండిటికే ఉన్నయి."

ఆటో సీట్ల రెగ్జిన్, సైకిల్ ట్యూబులు,
పాత పరుపులల్ల స్పాంజి,
కోఠిల కిలో లెక్కన తూకమేసిన వైర్లు.
కండ్లకు స్కూటర్ ఇండికేటర్లు పెడితే
ఎడమది ఆగి ఆగి వెలిగేది.
మారుస్తనంటే వద్దన్నడు నిరంజన్:
"ఉండనీ అక్కా, ఏదో ఆలోచిస్తున్నట్టుంది."

దాని ఓడ, మూతికి మూతి కట్టిన రెండు కడాయిలు.
కేటరింగ్ శంకరయ్య కిరాయికిచ్చి
తెల్లారి ఐదింటికే వాపస్ తీస్కపోయిండు,
బోరబండల ఎవరిదో పెండ్లి, బగారన్నం వండాలె.
ఎన్ని చుక్కలు దాటి వచ్చిందో పాపం,
ఆఖరుకు పొయ్యి మీద కూసుంది.

లోపల నిలబడ్డది ఇస్మాయిల్,
నీళ్ల ట్యాంకర్ డ్రైవరు, ఆరడుగుల రెండంగుళాలు.
షాట్ షాట్‌కు జిప్పు గుంజి
అట్టముక్కతోటి వీపుకు గాలి విసిరేదాన్ని.
చెమటల తడిసిన గొంతుతోటి అడిగేటోడు:
"డర్ లగ్రా క్యా ఆపా?"
లేదంటే మొహం చిన్నగ చేసుకుంటడని
లగ్రా భాయ్, బహుత్ లగ్రా అనేదాన్ని.

జీడిమెట్ల దిగువన నాలా కాడ ఒక్క రాత్రి తీసిండ్రు.
వాన పడ్డది. నురగ మనిషెత్తు లేచి
తెల్లగ, మెల్లగ, ఇండ్ల దిక్కు నడిచింది.
గ్రాఫిక్స్ లేవు, నకిలీ లేదు,
కెమెరా పెట్టుడు ఒక్కటే పని.
ఒకామె కిటికీల నుంచి చూసి
"రోజూ గింతే బిడ్డా" అని రెక్క మూసుకుంది.

నాలుగు రోజులు ఆడింది సినిమా,
ముషీరాబాద్ దిక్కు, కూలగొట్టుడుకు తేదీ పడ్డ హాల్ల.
సీటు చిరుగుల చెయ్యి పెడితే
భూతం చర్మమే తగిలింది.
ఇంటర్వెల్ ముంగట అది వెనుకకు తిరిగింది,
వీపు మీద నా జిప్పు తళుక్కుమన్నది.
ఈలలు. చప్పట్లు. "జిప్పు పెట్టుకో మామా!"
కొంగుల మొహం దాచుకున్న.
నురగొచ్చినప్పుడు మాత్రం ఎవ్వరు నవ్వలే.

ముందు వరుసల ఒక పోరడు
కాలర్ నోట్ల కుక్కుకొని కూసున్నడు.
మెట్ల కాడ ఆపి అడిగిన:
అది ఉత్త జిప్పే కదరా, గంత భయమెందుకు?
"తీస్తే లోపటి నుంచి ఏమొస్తదో అని."

ఆ మాటకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

మొన్న మాల్‌ల పెద్ద సినిమా చూసిన, నల్లద్దాలు పెట్టుకొని.
ఆ భూతానికి ఒక్కొక్క వెంట్రుక లెక్కపెట్టొచ్చు.
నేను చెయ్యడానికేం మిగలలే,
కూసున్న, పాప్‌కార్న్ తిన్న, వచ్చిన.
పైసలు లేని సినిమా అట్ల కాదు,
చాయపత్తికి వచ్చిన పక్కింటామె లెక్క
తలుపు కొట్టి అడుగుతది:
కొంచెం చీకటుంటె ఇస్తవా?
ఇస్తం. మన ఇంట్ల ఉన్నదే ఇస్తం.

నిరంజన్ ఇంకా రెండువేల మూడొందలు బాకీ.
తాకట్టు కింద భూతాన్ని ఇడిసిపోయిండు.
పెండ్లి జాకిట్టుకు, కానిస్టేబుల్ అంగీకి నడుమ
హ్యాంగర్‌కు వేలాడుతుంటది.
ప్రతి కుట్టు నాదే.
ఎడమ చంక కింద సూది దిగి
నెత్తురు చుక్క పడ్డ జాగ కూడ ఎరుకే.
బ్యాటరీ ఎప్పుడో తీసి టార్చిల ఏసుకున్న.

అయినా కరెంటు పోయిన రాత్రి
షట్టర్ సగం దించి
ఎనక ఎనకకే నడిచి బయటికొస్త.
దానికి నా వీపు చూపియ్య.