ఎనిమిది నిమిషాలకొకసారి

పీణ్యలో, బేరింగుల గోడౌను వెనక రేకుల షెడ్డులో
మేం నలుగురం అంగారకుడి మీద ఉన్నాం.
మా ఇల్లు అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు.
దాసరహళ్ళి, రెండో అంతస్తు.
బాల్కనీలో ఆరేసిన పసుపు చున్నీ తియ్యకుండానే వచ్చేశాను.

కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట ఒక తెర,
తెర మీద ఎర్రమట్టి,
రోజూ అదే రాయి, అదే నీడ.
మొదటివారం ఆ రాయికి పేరు పెట్టాం.
నాలుగోవారం ఆ పేరు ఎవరు పలికినా ఒళ్ళు మండేది.

పడుకునే ముందు ప్రశ్నాపత్రం.
కోపం: ఒకటి నుంచి ఏడు.
విసుగు: ఒకటి నుంచి ఏడు.
ఉత్సాహం. అలసట. పక్కవాళ్ళ మీద నమ్మకం.
బెంగకి గడి లేదు.
ఇంగ్లీషులో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక
అలసట దగ్గర నాలుగు వేసేదాన్ని.
ఊరి పేరు మొదట్లోనే ఉంది కదా ఆ మాట,
ఫారం తయారుచేసినవాళ్ళకి కనబడలేదు.

గొడవ చెంచాతో మొదలైంది.
ఇళంగో కాఫీ కలుపుకుని
చెంచాని స్టీలు గ్లాసులోనే వదిలేస్తాడు.
అంతే. అంతకన్నా ఏం లేదు.
ఇరవై రెండో రోజు చన్నవీరప్ప దాన్ని చెత్తసంచిలో పడేశాడు.
ఇళంగో వెతికి తీసి, కడిగి, మళ్ళీ గ్లాసులోనే పెట్టాడు.
తొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు.
లిజీ గోడవైపు తిరిగి తినేది.
నేను ఎదుటివాళ్ళ నమలడం లెక్కపెట్టేదాన్ని,
ఎండు చపాతీ, ముక్కకి ముప్పై రెండు.

బయటి డాక్టరు గొంతు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది.
"సుభాషిణీ, ఎలా ఉంది?"
"బాగానే ఉంది."
ఆ జవాబు ఆమెకి చేరేలోపు
ఆ కాస్త బాగూ అయిపోయేది.

ముప్పై ఒకటో రాత్రి గాలి పంపు ఆగిపోయింది.
అన్నాళ్ళూ చెవుల్లో కాపురమున్న హోరు
సామాను సర్దుకుని వెళ్ళిపోయినట్టు.
చీకట్లో, బల్ల మీద,
గ్లాసులో చెంచా
టింగుమంది.

ఎవరూ ముట్టుకోలేదు.
లెక్కపెట్టాను. ఆ షెడ్డులో నేను నేర్చిన విద్య అదొక్కటే.
ఎనిమిది నిమిషాలకి మళ్ళీ టింగు.
మళ్ళీ ఎనిమిది.
అంగారకుడి మీద ఏదీ ఎనిమిది నిమిషాలకొకసారి రాదు.

చన్నవీరప్ప గొంతు, తొమ్మిది రోజుల తుప్పుతో:
"ఇది నాగసంద్ర వైపు పోయేది."
ఇళంగో చాలాసేపటికి:
"కాదు. మెజెస్టిక్‌ది. బరువుగా ఉంది."
లిజీ దుప్పట్లోంచి నవ్విందో, ఏడ్చిందో,
తేడా తెలిసేంత వెలుతురు లేదు.

మెట్రో!
మా గడియారం అర్ధరాత్రి అంటోంది.
ఎనిమిది నిమిషాలకొకటంటే బయట మిట్టమధ్యాహ్నం.
ఈపాటికి నా చున్నీ ఎండకి వెలిసిపోయుంటుంది అనుకున్నాను.
అనుకుంటే ఎంత హాయిగా ఉందో.

తెల్లారేసరికి పంపు బాగైంది.
హోరు మళ్ళీ వచ్చి తన చోట తాను కూచుంది.
అయినా పడుకునే ముందు ఇళంగో మర్చిపోతే
చన్నవీరప్పే లేచి
గ్లాసులో చెంచా పెట్టేవాడు.

మనసు గీత పైకి లేచిందట.
నలుగురిదీ, ఒకే రాత్రి.
ఏం జరిగిందని డాక్టరు, పదకొండు నిమిషాలు ఆలస్యంగా.
నిద్ర బాగా పట్టిందని రాశాం, నలుగురం, విడివిడిగా.
శాస్త్రానికి మేం చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు ఆఫీసుకి రోజూ ఆ రైల్లోనే వెళ్తాను.
లోపల కొత్త జట్టు ఉందని విన్నాను.
పంపు కూడా కొత్తదట, ఆగదట.
పీణ్య దగ్గర రేకుల కప్పు కనబడగానే
కిక్కిరిసిన బోగీలో ఎవరి కాలూ తొక్కకుండా చూసుకుని
మడమతో నేలని ఒక్కసారి గట్టిగా తంతాను.

పక్కాయన వింతగా చూస్తాడు.
కాలు తిమ్మిరెక్కిందంటాను.