పదకొండో నవల

దేవరకొండ మున్సిఫ్ కోర్టుల
ఇరవై ఆరేండ్లు సాక్షుల మాటలు టైపు కొట్టింది అండాలు మేడం.
"అబద్ధం చెప్పేటోడు యాడా ఆగడు,
నిజం చెప్పేటోడే మధ్యల నీళ్లడుగుతడు" అంటది.

ఆమె నవలల్ల కత్తి ఉండదు.
పొద్దున గూట్లె పెట్టిన తాళంచెవి
మాపటికి చెప్పు కింద దొరుకుతది, అంతే.
ఇగ ఆ ఇంట్ల ఎవ్వరికీ నిద్ర ఉండదు.

మొదటి పుస్తకం మూడొందల కాపీలు
బీరువా మీదనే చెదల పాలైనయి.
ఐదోదానికి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది,
హంతకుణ్ణి ఆఖర్ల పట్టియ్యమని.
"పట్టిస్తే చదివినోడు హాయిగ పండుకుంటడు గద"
అని పెట్టేసింది.

నల్లగొండ గడియారం కాడ నా డీటీపీ షాపు.
పది నవలలు నేనే కొట్టిన.
ఒత్తులు, దీర్ఘాలు తప్ప ఏమీ చూడలే.

మొన్న పదకొండోది తెచ్చిచ్చింది.
నలభయ్యో పేజీల ఒకడు
షట్టర్ దించి, తాళమేసి,
నాలుగడుగులు పోయి మళ్లొచ్చి గుంజి చూస్తడు.
మూడుసార్లు.
మూడోసారి ఎందుకో
నా భార్యకు గూడ చెప్పలే నేను.

కీబోర్డు మీద చేతులాగినయి.
ఎదురుంగ స్టూలు మీద
మేడం చాయ్ ఊదుకుంట కూసుంది.
గొంతెండుతుంది.
నీళ్ల బాటిల్ పక్కనే ఉంది.

తాగలే.