పేర్లు పడుతున్నప్పుడు

బుడాపెస్ట్‌లో, ఆ స్టూడియో వెనక గదిలో
నా పని అద్దాలు కడగడం.
బోర్బాలా పని వాటి మీద పేర్లు రాయడం.
జింకు తెలుపు, గుడ్డు తెల్లసొన, రెండు చుక్కల తేనె.
ఈ పాళ్ళు ఎవరికీ చెప్పొద్దనేది.
ఇప్పుడు చెప్పేస్తున్నాను, ఆ స్టూడియోయే లేదు కనుక.

ఒకసారి పైనుంచి ఒకే ఒక్క ముక్క ఫిల్ము వచ్చింది.
పొగమంచులో వంతెన, వంతెన మీద ట్రాము,
కిటికీ పక్కన టోపీ పెట్టుకున్న ఒకడు.
అంతే.
కథేమిటని అడిగితే
డైరెక్టరు గారింకా తేల్చుకోలేదన్నారు.
"అయితే నేను తేల్చాలన్నమాట" అంది
కుంచె కొసను పెదాలతో సన్నం చేస్తూ.

మొదట లావుపాటి అక్షరాలు,
ఒకదాని భుజం మీద ఒకటి వాలి, కాస్త తాగినట్టు.
అద్దాన్ని ఆ బొమ్మ ముందు పెట్టి చూశాం.
టోపీవాడు తప్పకుండా తప్పు స్టాపులో దిగుతాడు,
ఎవరి పెళ్ళిలోనో కూర్చుని సుష్టుగా తింటాడు.
నాకు నవ్వాగలేదు.

తుడిచేశాను.

ఈసారి బక్క అక్షరాలు, ఎడం ఎడంగా,
ఎవరో తరిమితే తెర అంచుకి ఒదిగిపోయినట్టు.
అదే పొగమంచు. అదే టోపీ.
కానీ వాడి ఒళ్ళో ఒక పొట్లం ఉందని
నేనప్పుడే గమనించాను.
దానికి తాడు మరీ గట్టిగా కట్టి ఉంది.

మూడోసారి, ఉత్తరం రాసే చేతిరాత.
వాడి పక్క సీటు ఖాళీ అని
అప్పుడు తెలిసింది.

పేర్లెవరు చదువుతారు, అంటారు.
నిజమే. హాల్లో గుమ్మడి గింజలు కొరుకుతూ,
దగ్గుతూ, కోట్లు మడుచుకుంటూ ఉంటారు.
కానీ చివరి పేరు పడేసరికి
మూడువందల మంది ఒకే రకంగా ఊపిరి పీలుస్తుంటారు.
చదవకుండానే.

మా లిపిలో ఓ అక్షరం ఉంది,
నెత్తిన రెండు ఏటవాలు గీతలతో.
కథ ఏ జాతిదో ఆ గీతలే చెప్తాయనేది బోర్బాలా.
ఎగరేసిన కనుబొమలైతే హాస్యం.
దూసిన కత్తులైతే, సరే, నీకే తెలుసు.
అప్పుడే మొదలైన వానలా ఉంటే
జేబులో రుమాలుందో లేదో చూసుకో.

ఆమె భర్త దెజో ట్రాము డ్రైవరు.
డ్యూటీ దిగి హాలుకొచ్చేసరికి
ఎప్పుడూ పేర్లు అయిపోయి ఉండేవి.
ముప్ఫై ఏళ్ళ కాపురంలో
పెళ్ళాం రాసిన ఒక్క అక్షరమూ తెర మీద చూడలేదు.
టార్చి వెలుగులో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ వచ్చి,
తడి కోటుతోనే కూలబడి, ఆమె చెవిలో అడిగేవాడు:
"నవ్వాలా, భయపడాలా?"
ఆమె అతని అరచేతిలో వేలితో రెండు గీతలు గీసేది.
అతనికి అర్థమయ్యేది.
వెనక వరసలో ఉన్న నాకు కనిపించేది కాదు.

ఓ ఫిబ్రవరిలో దెజో పోయాడు.
రాళ్ళు చెక్కే కాల్మాన్ కాగితం పట్టుకొచ్చాడు.
పేరు, రెండు తేదీలు.
"అక్షరాలు ఎలా ఉండాలమ్మా? లావా, సన్నమా?"
ఎన్నో సినిమాలకు పూటలో తేల్చిన మనిషి
మూడు వారాలు నోరు విప్పలేదు.
నేను కడిగిన అద్దాలు గోడకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

చివరికి చెక్కించింది,
ఆఖరి అక్షరం నెత్తి బోడిగా వదిలేసి.
తప్పు పడిందని ఊళ్ళో అనుకున్నారు.
పాపం, కాల్మాన్‌కి రెండు బేరాలు పోయాయి.

ఒక ఆదివారం నేనూ తోడు వెళ్ళాను.
ఆమె వేలు నాలిక మీద తడి చేసుకుని
ఆ ఖాళీలో రెండు గీతలు గీసింది.
ఎండ చురుగ్గా ఉంది. రాయి వేడిగా ఉంది.
కనుబొమలో, వానో,
నేను కళ్ళద్దాలు తీసి పెట్టుకునే లోపు ఆరిపోయాయి.
అడగబోయాను.
ఆలస్యంగా వచ్చినవాణ్ణి కదా,
చప్పుడు చేయకుండా పక్కన నిలబడ్డాను.