పేరు మారని రోజులు

నంబరు చివరి నాలుగంకెలు కూడితే తొమ్మిది,
అదొక్కటే చాలన్నడు ఓదెలు.
బానెట్ ఎత్తలే, టైరు తన్ని చూడలే,
వేళ్ళ మీద మళ్ళొకసారి లెక్కబెట్టుకొని
"లక్షా ఎనిమిది వేలు. అది గూడ తొమ్మిదే" అన్నడు.

లక్షా పదిహేడు గూడ తొమ్మిదే గద, అన్న.
లెక్కల టీచర్ని.
నక్కలగుట్ట సందుల చాయ్ చల్లారకముందే
బేరం తెగింది.

వంకాయరంగు ఆల్టో.
నలభై రెండేండ్లకు స్టీరింగ్ పట్టిన చేతులు నావి.
డిక్కీ మీది గీత ధర్మసాగర్ దగ్గర బర్రె కొమ్ముది.
క్లచ్ కాలిన వాసన
కాజీపేట బ్రిడ్జి మీద బండాగి
వెనక హారన్లన్నీ నా వీపు మీద పడ్డనాటిది.
ఇవి రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఆర్టీఓ ఆఫీసు ముందట, జిరాక్స్ గొడుగు కింద
ఏజెంటు సమ్మిరెడ్డి పెన్సిల్ తీసిండు.
చాసిస్ మీద తెల్లకాగితం పెట్టి రుద్దుతుంటె
ఒక్కొక్క అంకె నల్లగ లేచొచ్చింది,
చిన్నప్పుడు నోటుబుక్కు కింద రూపాయిబిళ్ళ లేచొచ్చినట్టు.
పదకొండేండ్లు నడిపిన,
దానికింత పొడుగు పేరున్నదని ఆనాడే తెలిసింది.

అప్పు తీరి ఆరేండ్లాయె,
ఆర్సీ మీద బ్యాంకు పేరు మాత్రం
తిన్నంక గూడ లేవని చుట్టం లెక్క అట్లనే కూసుంది.
దాన్ని లేపడానికి పదిహేను దినాలు.

ఇరవైతొమ్మిది రెండు ప్రతులు, ముప్పై ఒకటి.
"పాత సంతకమే కావాలె మేడమ్, ఆర్సీ మీదున్నట్టు."
పాత సంతకానికి ఒక తోక ఉండె.
జవాబు పత్రాలు దిద్దీ దిద్దీ అదెప్పుడు రాలిపోయిందో.
మూడుసార్లు నన్ను నేనే చూసి కాపీ కొట్టిన,
నాలుగోసారి పాసైన.

ఓదెలుది జమ్మికుంట. మైకుసెట్టు.
"వారంల పేరు మార్పిస్త టీచరమ్మా."
ఏ వారమో నేనడుగలే.

పత్తి ఏరే దినాలల్ల మొదటి చలానా నా ఫోనుకొచ్చింది.
హుజూరాబాద్ చౌరస్తా, సీటుబెల్టు లేదు.
ఫోటోల నా బండి
నెత్తి మీద నాలుగు సౌండుబాక్సులు మోసుకుంట.
కోపంతోని ఫోన్ చేసిన.
"రేపే టీచరమ్మా. పెండ్లిండ్ల సీజను."

రెండోది సుల్తానాబాద్. ఎనభై రెండు.
నా చేతుల ఎన్నడూ అరవై దాటని బండి!
రెండువేళ్ళతోని ఫోటో పెద్దగ జేసిన.
బర్రె గీసిన గీతను కాడ జేసి
ఎవరో ఎర్రపువ్వు దిద్దిండ్రు.

స్టాఫ్‌రూములో వజ్రమాల అననే అన్నది:
పేరు నీదున్నన్నాళ్ళు పాపం గూడ నీదే,
రేపు ఎవరినన్న గుద్దితే కోర్టు మెట్లెక్కేది నువ్వే.
ఆ మాట రాత్రంత నా పక్కలనే పండుకుంది.
పొద్దున ప్యాసింజరెక్కి జమ్మికుంట దిగిన.

షెడ్డు ముందట బండి కడిగి ఉన్నది.
డ్రైవర్ సీట్ల ఓదెలు బిడ్డ సింధుజ,
కొత్త లైసెన్సు, గోళ్ళకు ఎర్రరంగు.
"ఎనభై రెండు నేనే మేడమ్. నాయిన గాదు."
ఓదెలు నేల చూసిండు.
బండి ఆమె పేరు మీదనే చేద్దామని ఆగిండట.
ఆధార్‌ల సిందూజ, మెమోల సింధుజ,
ఒత్తొక్కటి పోయి, దీర్ఘమొకటెక్కువై
మూడు నెలలాయె మీసేవ చుట్టు తిరుగుడు.

కోపం తెచ్చుకుందామనే పోయిన.
ఎర్రపెన్ను తీసి
ఆమె దరఖాస్తుల తప్పులు దిద్ది వచ్చిన.

సంక్షిప్తంగ ఒక మెసేజి, ఫిబ్రవరిల:
వాహనం బదిలీ అయినది.
ఇప్పుడు నా పేరు మీద ఏ తప్పూ లేదు.
ఆదివారం పూట, ఎందుకో, చలానాల పేజీ తెరిచి
పాత నంబరు కొట్టి చూస్త.
ఏమీ లేవంటది. ఫోన్ మూసేస్త.

మొన్న ఒకటి తగిలింది.
మంచిర్యాల తొవ్వ, తొంభై.
అలవాటు కొద్దీ కూడిన. తొమ్మిదే.
తిడదామని ఫోన్ తీసిన, మల్ల పక్కన పెట్టిన.
కట్టాల్సింది నేను కాదాయె.

డిక్కీ మీది పువ్వుకు
ఆకులు గూడ వచ్చినయి.