ఒరుసుకునే చోటు

మంగళవారం మూడో తాడు తెగింది.
ఇలారియో చెంప మీద సన్నటి ఎర్రగీత.
అంగుళం పైనైతే కన్ను.
ముందు నేను తాడునే చూశాను, ఒప్పుకుంటాను.

గుబ్బియోలో, చర్చి వెనక మెట్లకింది కొట్లో
ముప్ఫైఎనిమిదేళ్లుగా నా పని ఇదే:
ఉక్కు రెక్కల అడ్డవిళ్లకు నారి పేనడం.
జనపనార, నూట ఇరవై పోగులు,
పోగుపోగుకీ తేనెమైనం.
నారిని పట్టి ఆపే ఎముక చక్రం ఒకటుంటుంది,
మావాళ్లు దాన్ని అక్రోటు అంటారు.
అది కొరికే చోట పట్టుదారం
చుట్టు మీద చుట్టు,
గుర్రానికి జీను బిగించినంత గట్టిగా.

కుర్రాడికి మొదటిరోజే చెప్పాను.
లాగిపెట్టి భోజనానికి వెళ్లకు.
బాణం లేకుండా వదలకు,
ఆ దెబ్బంతా తాడే తినాలి.
కొత్త మైనం రుద్దేముందు పాతది తుడువు,
దుమ్ము పట్టిన మైనం ఆకురాయితో సమానం.
బొటనవేలు కాలేదాకా రుద్దు,
కాలితేనే లోపలికి దిగినట్టు.
ఏటు ఏటుకీ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి
ఒక వేయించిన శనగ.
నూటయాభై దాటాయా, తాడు దించెయ్,
ఎంత కొత్తగా కనబడినా సరే.

గిన్నెలో లెక్కపెట్టాను: పందొమ్మిది.
మొదటి తాడుకు నలభై, రెండోదానికి ముప్ఫైఒకటి.
శనగలు తింటున్నావా అన్నాను.
రాత్రిళ్లు దొంగచాటుగా కొడుతున్నావా అన్నాను.
వాళ్ల తాత ఎజీదియోనీ, ఆయన బద్ధకాన్నీ
కలిపి తిట్టాను.
వాడు మాట్లాడలేదు.

మే చివరి ఆదివారానికి పన్నెండు రోజులు.
అవతలి ఊరి విలుకాళ్లు వస్తారు,
ముప్ఫైఆరు మీటర్ల దూరాన చెక్కగురి పెడతారు,
బాకాలు ఊదుతారు.
ఆ సందడిలో ఎవరికీ తాడు గుర్తురాదు,
తెగితే తప్ప.

అప్పుడు వాడు చెంప తుడుచుకుని లేచి
నా కోటు జేబులోంచి, అడక్కుండానే,
పట్టు రుమాలు తీశాడు.
అక్రోటు మీదుగా మెల్లగా లాగాడు.
ఒకసారి. ఏమీ లేదు.
మళ్లీ. కుడి కొమ్ము లోపలి అంచున
రుమాలు ఆగింది.
ఒక పోగు లేచి నిలబడింది.

వేలు పెట్టి చూశాను. తెలియలేదు.
మైనం కాచిన వేలు, మొద్దుబారిన కాయ.
కళ్లద్దాలు పెట్టుకున్నాను. కనపడలేదు.
వాడు నా చిటికెనవేలు పట్టుకుని
దాని పక్క, ఇంకా మెత్తగా మిగిలిన చోటు,
అక్కడ ఆనించాడు.
నూకంతైనా లేదు.
ఉంది.

పోయిన చలికాలం ఆ అక్రోటును సానబట్టింది నేనే.

నార మార్చాను, మైనం మార్చాను,
ఈ పిల్లాణ్ణి కూడా మార్చేద్దామనుకున్నాను,
రాయిని పంటికిందే ఉంచుకుని
బియ్యాన్ని తిట్టినట్టు.

ఇప్పుడు వాడు సన్న ఆకురాయితో గీస్తున్నాడు,
ఊదుతున్నాడు, రుమాలు లాగుతున్నాడు,
మళ్లీ గీస్తున్నాడు.
నేను నాలుగో నారి పేనుతున్నాను.
తప్పు నాదని ఇంకా అనలేదు.
తొంభై పోగులయ్యాయి, ముప్ఫై ఉన్నాయి,
ఈలోగా నోరు తిరగకపోదు.

శనగల గిన్నె వాడి వైపు జరిపాను.
నమల్తూ పని చేస్తున్నాడు.
రేపు లెక్క తక్కువొస్తే
అడగను.